క్యాన్సర్ ఉందన్నారు సరే, ఎలాంటిదో అడిగారా?

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల ఊళ్లలో అరవై దాటిన మగవాళ్లు రాత్రిపూట నాలుగైదుసార్లు లేస్తుంటే ఎవరికీ వింతగా తోచదు. వయసు మీద పడింది కదా అంటారు. మూత్రం సన్నగా, ఆగి ఆగి వస్తున్నా అదే మాట. నడుము నొప్పి మొదలైతే ఊళ్లోనే ఒక సూది వేయించుకుంటారు. సేద్యం చేసినవాడికి, సుగ్గికని గుంటూరు వైపు పోయి నెలల తరబడి మిరపకాయలు కోసినవాడికి నడుము నొప్పి రాకుండా ఎలా ఉంటుంది? కానీ వయసు అనీ, కష్టం అనీ సరిపెట్టుకున్న ఈ బాధల్లో కొన్నింటి వెనక ప్రోస్టేట్ క్యాన్సర్ ఉంటుంది. మన దేశంలో ఈ జబ్బుతో పెద్దాసుపత్రికి చేరేవారిలో చాలామందికి అప్పటికే అది ఎముకలకు పాకి ఉంటోంది.

అమెరికాలో, ఐరోపాలో ఇందుకు పూర్తిగా భిన్నమైన తప్పు జరిగింది. అక్కడ రక్తపరీక్షలతో జబ్బును ఎంతో ముందుగా పట్టుకున్నారు. ఆ ఊపులో, జీవితాంతం ఏ హానీ చేయని గడ్డలకు కూడా ఆపరేషన్లు చేశారు. ప్రాణానికి ముప్పు లేని జబ్బు కోసం వేలమంది మగవాళ్లు మూత్రం మీద పట్టునూ, దాంపత్య సుఖాన్నీ పోగొట్టుకున్నారు. ఈ రెండు తప్పుల నుంచీ బయటపడే దారి ఒక్కటే. క్యాన్సర్ ఉందా లేదా అన్న దగ్గరే ఆగకుండా, ఉంటే అది నెమ్మదిగా సాగేదా, దూకుడుగా పాకేదా అని తేల్చుకోవాలి. గత ఇరవై ఏళ్ల పరిశోధనలో ఎక్కువ భాగం ఈ ప్రశ్న చుట్టూనే నడిచింది. కూలి మానుకుంటే ఆ రోజు గడవని ఇంటికి ఈ జవాబు మరీ అవసరం. ఎవరు వెంటనే హైదరాబాదు బస్సెక్కాలో, ఎవరు ఇంటిపట్టున ఉండి గమనించుకుంటే చాలో చెప్పేది అదే.

అంకె చెప్పేదెంత, చెప్పనిదెంత

ప్రోస్టేట్ మగవాళ్లకు మాత్రమే ఉండే గ్రంథి. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. పడుచు వయసులో దాని బరువు సుమారు 20 గ్రాములు. యాభై దాటాక చాలామందిలో అది ఉబ్బి నాళాన్ని నొక్కుతుంది. రాత్రి లేవడం, ధార సన్నబడటం ఎక్కువగా ఈ ఉబ్బు వల్లే. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. చిక్కేమిటంటే, క్యాన్సర్ సాధారణంగా గ్రంథి వెలుపలి అంచున మొదలవుతుంది కాబట్టి తొలిదశలో ఏ బాధా ఉండదు. బాధ తెలిసేసరికి ఆలస్యమైపోవచ్చు.

పీఎస్ఏ అనే రక్తపరీక్ష వచ్చింది ఇందుకే. ఈ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీను కొద్దిగా రక్తంలోకి కారుతుంది, ఆ మోతాదును ఈ పరీక్ష కొలుస్తుంది. 1979లో అమెరికాలోని బఫెలో నగరంలో, రోజ్‌వెల్ పార్క్ సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని శుద్ధిచేసి వేరుచేశారు. చికిత్స ఎలా పనిచేస్తోందో చూసుకోవడానికి 1986లోనూ, జబ్బును కనిపెట్టడంలో సాయంగా 1994లోనూ అమెరికా ప్రభుత్వం అనుమతించింది. మిల్లీలీటరు రక్తంలో 4 నానోగ్రాములు దాటితే అనుమానించాలన్నది అప్పటినుంచీ వాడుకలో ఉన్న లెక్క.

ఆ లెక్క గీత గీసినట్టుండదు. 4 నుంచి 10 మధ్య వచ్చినవారికి ముక్క తీసి చూస్తే సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సర్ బయటపడుతుంది. గ్రంథి ఉబ్బినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, గొట్టం వేసినా అంకె పెరుగుతుంది. కాబట్టి ఇన్ఫెక్షన్ ఉంటే ముందు దాన్ని తగ్గించి, కొన్ని వారాలు ఆగి మళ్లీ చూడాలి. ఉబ్బుకు వాడే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు దీనికి తిరగబడిన చిక్కు తెస్తాయి. ఆరు నెలలకు పైగా వేసుకుంటే అవి పీఎస్ఏను సుమారు సగానికి దించేస్తాయి. అప్పుడు 3 అని వచ్చిన అంకెను 6గా చదువుకోవాలి. పరీక్షకు వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల చీటీ వెంట తీసుకెళ్లమనేది ఇందుకే.

ఈ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందా? ఐరోపాలో లక్షా అరవై వేలకు పైగా మగవాళ్లతో సాగిన అధ్యయనం 23 ఏళ్ల ఫలితాలు 2025లో వెలువడ్డాయి. పరీక్షలకు పిలిచినవారిలో ఈ జబ్బు మరణాలు 13 శాతం తగ్గాయి. 456 మందిని పిలిస్తే ఒక మరణం తప్పింది. ఇది చిన్న మేలు కాదు, అలాగని కళ్లు మూసుకుని అందరికీ చేయించేంత పెద్దదీ కాదు. అమెరికాలో 2012లో ఈ పరీక్ష వద్దని ప్రభుత్వ నిపుణుల బృందం సిఫారసు చేశాక, ముదిరిన దశలో బయటపడే కేసులు పెరిగాయి. 2018లో ఆ బృందం మాట మార్చి, 55 నుంచి 69 ఏళ్లవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలన్నారు.

ముక్క ఎక్కడినుంచి తీశారు?

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి ధర ఎలా పలుకుతుందో ఇక్కడివారికి చెప్పక్కర్లేదు. వ్యాపారి లాట్‌లోంచి గుప్పెడు పత్తి లాగి, వేళ్ల మధ్య పింజ సాగదీసి, తేమ చూసి ఒక మాట చెబుతాడు. పైపైన తీసిన గుప్పెడు ఒకటి చెబితే, చెయ్యి లోపలికి దూర్చి అడుగునుంచి తీసింది ఇంకోటి చెప్పవచ్చు. ముక్క తీసి చూసే బయాప్సీలో వచ్చే ఇబ్బంది సరిగ్గా ఇదే. పాత పద్ధతిలో స్కానింగ్ సాయంతో గ్రంథిలో అక్కడక్కడ సూదితో పది, పన్నెండు ముక్కలు తీసేవారు. అన్నీ కలిపినా గ్రంథిలో వందో వంతు కూడా కాదు. చెడ్డ గడ్డ ఒక మూల దాక్కుంటే సూది దాని పక్కనుంచి పోతుంది. అపాయం లేని చిన్న గడ్డ సూదికి తగిలితే ఇల్లంతా కంగారు పడుతుంది.

ఎమ్మారై స్కానింగ్ ఈ గుడ్డి వెతుకులాటను చాలావరకు తప్పించింది. 2017లో బ్రిటన్ వైద్యులు 576 మందికి ముందు ఎమ్మారై తీసి, తరవాత పాత పద్ధతిలో బయాప్సీ చేయడంతోపాటు గ్రంథినంతా జల్లెడపట్టి చూశారు. ముప్పు తెచ్చే క్యాన్సర్లలో పాత బయాప్సీ పట్టుకున్నది 48 శాతమే. ఎమ్మారై 93 శాతాన్ని పసిగట్టింది. ముందే ఎమ్మారై తీస్తే నలుగురిలో ఒకరికి ముక్క తీసే బాధే తప్పుతుందని కూడా తేలింది. 2018లో 500 మందితో జరిగిన మరో ప్రయోగంలో, ఎమ్మారైలో కనిపించిన చోటునే గురిపెట్టి ముక్క తీసినప్పుడు ముప్పున్న క్యాన్సర్లు ఎక్కువగా దొరికాయి. అక్కర్లేని క్యాన్సర్లు బయటపడటం 22 శాతం నుంచి 9 శాతానికి పడిపోయింది.

మనలాంటి చోట్లకు ఇంకా పనికొచ్చే ఫలితం 2025లో వచ్చింది. ఎమ్మారైలో నరానికి ఎక్కించే మందు లేకుండా, తక్కువ సేపట్లో తీసిన స్కానింగ్ కూడా ముప్పున్న జబ్బును దాదాపు అంతే బాగా పట్టుకుంటుందని 490 మందితో చేసిన అధ్యయనం చెప్పింది. మందు ఖర్చు తగ్గితే, సమయం తగ్గితే, ఒకే యంత్రం మీద రోజుకు ఎక్కువమందికి పరీక్ష చేయవచ్చు. జిల్లా కేంద్రంలో వరుసలో కూర్చున్నవాడికి ఆ తేడా విలువ తెలుస్తుంది. అయితే బొమ్మలు బాగా రావాలి, వాటిని చదివే అనుభవం ఉన్న డాక్టరు ఉండాలి.

రిపోర్టులో ఉన్న ఆ రెండు అంకెలు

ముక్కను పలచగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెడతారు. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలో కణాలు గుండ్రంగా వరుసకట్టి, మధ్యలో ఖాళీ వదులుతాయి. క్యాన్సర్ ముదిరేకొద్దీ ఆ వరుస చెడుతుంది. మొదట వలయాలు చిన్నవైనా విడివిడిగానే ఉంటాయి, అది 3వ రకం. తరవాత ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి జల్లెడలా మారతాయి, అది 4. చివరికి వలయమే మిగలక కణాలు ఎక్కడపడితే అక్కడ చెదిరిపోతాయి, అది 5. మినియాపొలిస్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన డొనాల్డ్ గ్లీసన్ 1966లో ఈ పద్ధతిని ప్రకటించాడు. దాని బొమ్మలు తనే చేత్తో గీశాడు. ఇన్నేళ్ల తరవాత కూడా జబ్బు దూకుడును అంచనా వేయడంలో దీన్ని పక్కనపెట్టగలిగిన పరీక్ష లేదు.

రిపోర్టులో 'గ్లీసన్ 3+4=7' అని ఉందనుకోండి. ఎక్కువ భాగం 3వ రకం, మిగిలింది 4వ రకం అని అర్థం. అదే 4+3=7 అయితే మొత్తం మారకపోయినా జబ్బు కాస్త మొండిది. ఈ తికమక తొలగించడానికి 2014లో ప్రపంచ నిపుణులు 1 నుంచి 5 వరకు గ్రేడ్ గ్రూపులు పెట్టారు. 3+3=6 మొదటి గ్రూపు. 3+4 రెండోది, 4+3 మూడోది. మొత్తం 8 వస్తే నాలుగోది, 9 గానీ 10 గానీ వస్తే అయిదోది. మొదటి గ్రూపు జబ్బు ఇతర అవయవాలకు పాకడం అత్యంత అరుదు. రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఇంట్లో చదువుకున్న పిల్లలు వెతకాల్సింది ఈ గ్రూపునే. ఎన్ని ముక్కలు తీశారు, ఎన్నింటిలో కనిపించింది అన్నది రెండో సంగతి.

ఈ అంచనా ఎంత నిజమో బ్రిటన్‌లో 1,643 మందిని పదిహేనేళ్లు గమనించిన అధ్యయనం చెప్పింది. కొందరికి ఆపరేషన్, కొందరికి రేడియేషన్ ఇచ్చారు. మిగిలినవారిని ఊరికే పరీక్షలు చేస్తూ గమనించారు. 2023లో ఫలితాలు చూస్తే, ఏ దారిలో వెళ్లినవారిలోనైనా ఈ జబ్బుతో పోయినవారు నూటికి సుమారు ముగ్గురే. గమనింపులో ఉన్నవారిలో జబ్బు పాకడం మాత్రం ఎక్కువ. నూటికి తొమ్మిదిమందికి పైగా పాకింది, మిగిలిన రెండు దారుల్లో అయిదుగురి దగ్గరే ఆగింది. తక్కువ దూకుడు జబ్బుకు ఆపరేషన్ కోసం పొలం అమ్మాల్సిన పనిలేదని ఇది చెబుతోంది. గమనించడమంటే గాలికి వదిలేయడం కాదని కూడా అంతే గట్టిగా చెబుతోంది. ఆరు నెలలకోసారి రక్తం ఇవ్వాలి, డాక్టరు చెప్పినప్పుడు ఎమ్మారై, బయాప్సీ మళ్లీ చేయించాలి. సుగ్గికి పోయేవాళ్లు పోయేముందు ఒకసారి, తిరిగొచ్చాక ఒకసారి రక్తం ఇస్తే ఆ క్రమం తప్పదు.

జన్యువులు చెప్పే జాతకం

గ్లీసన్ అంకె ఒకటే అయినా ఇద్దరి జబ్బు ఒకేలా నడవదు. అందుకే పరిశోధకులు కణం లోపలికి వెళ్లారు. 2005లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో అరుల్ చిన్నయ్యన్ బృందం, చాలా ప్రోస్టేట్ క్యాన్సర్లలో రెండు జన్యువులు అతుక్కుపోయి ఉంటాయని కనిపెట్టింది. అదే దారిలో సాగి, మూత్రంలో 18 జన్యువుల జాడ చూసే పరీక్షను 2024లో ప్రకటించారు. అక్కర్లేని బయాప్సీల్లో మూడోవంతుకు పైగా దాంతో తప్పించవచ్చని అంచనా. బయాప్సీ ముక్కలోనే పదుల కొద్దీ జన్యువుల పనితీరు కొలిచి జబ్బు నడకను ఊహించే పరీక్షలు, ముక్క బొమ్మను కంప్యూటరుకు చూపించి ముప్పు లెక్కగట్టే పద్ధతులు కూడా అమెరికాలో వాడుకలోకి వచ్చాయి.

ప్రతి కొత్త కబురూ నిలబడదు. 2009లో సార్కోసిన్ అనే పదార్థం మూత్రంలో ఉంటే జబ్బు దూకుడు తెలుస్తుందని గొప్పగా ప్రకటించారు. తరవాత వేరే ప్రయోగశాలలు చేసి చూస్తే ఫలితం నిలకడగా రాలేదు. పైగా ఆ అతుకుపడిన జన్యువులు పాశ్చాత్యుల్లో కనిపించినంతగా చైనా, జపాన్ రోగుల్లో కనిపించవు. వేరే జనం మీద కొలిచిన పరీక్షను మన రోగుల మీద కూడా కొలిచాకే నమ్మాలి.

ఈ జన్యు పరిశోధనలో ఇప్పుడే పనికొచ్చే సంగతి ఒకటుంది. బీఆర్‌సీఏ2 అనే జన్యువులో లోపం ఉన్న మగవాళ్లకు దూకుడు ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ. అదే లోపం ఆడవాళ్లలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు తెస్తుంది. తల్లికో, అక్కచెల్లెళ్లకో ఆ జబ్బు చిన్న వయసులో వచ్చి ఉంటే మగవాడు ఆ మాట డాక్టరుకు చెప్పాలి.

ఇక్కడ జరగాల్సింది

ప్రభుత్వం ఇంటింటికీ చేసే క్యాన్సర్ పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి. ప్రోస్టేట్ లేదు. కాబట్టి ఆశా కార్యకర్త వచ్చి అడిగేదాకా ఆగితే లాభం లేదు. రాత్రి లేవడం ఎక్కువైతే, మూత్రంలో రక్తం కనిపిస్తే, తగ్గని నడుము నొప్పి రాత్రిపూట మరీ ఎక్కువైతే ఏరియా ఆసుపత్రికి వెళ్లి చెప్పుకోవాలి. ఉన్నట్టుండి కాళ్లు పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా ఒక్కరోజు కూడా ఆగకూడదు. పీఎస్ఏకు కావాల్సింది కాస్త రక్తమే కాబట్టి దానికోసం పట్నాలు తిరగక్కర్లేదు. అంకె తేడాగా ఉంటే కర్నూలు పెద్దాసుపత్రికో, ఆదోనికి దగ్గరైన బళ్లారికో వెళ్లాలి. వైద్య సేవ కార్డు ఎక్కడ, దేనికి చెల్లుతుందో ముందే కనుక్కుంటే చేతి డబ్బు మిగులుతుంది.

ఆలస్యంగా బయటపడినా దారి మూసుకుపోదు. వృషణాల నుంచి వచ్చే హార్మోనును ఆపితే ఈ జబ్బు వెనక్కి తగ్గుతుందని చార్లెస్ హగిన్స్ 1941లోనే చూపించాడు, 1966లో నోబెల్ అందుకున్నాడు.

ప్రపంచంలో 2020లో ఏడాదికి 14 లక్షలున్న ఈ జబ్బు కేసులు 2040 నాటికి 29 లక్షలకు చేరతాయని లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం 2024లో లెక్కగట్టింది. పెరుగుదల ఎక్కువగా మనలాంటి దేశాల్లోనే ఉంటుందని చెప్పింది. ఆదోని ఆసుపత్రికి మూత్రం ఇబ్బందితో వచ్చిన ప్రతి పెద్దాయన వయసు, ఇంట్లోవారి జబ్బులు, వాడుతున్న మాత్రలు రాసుకుని, అవసరమైతే పీఎస్ఏ చేసి, అనుమానం ఉన్నవారిని తేదీ ఇచ్చి మరీ కర్నూలు పంపే ఏర్పాటు పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. పరిశోధన తన వంతు చాలావరకు చేసింది. ఆ ఫలం ఇక్కడి మనుషులకు అందాలంటే మగవాళ్లు సిగ్గు విడిచి చెప్పుకోవాలి. ఆసుపత్రి విని, రాసుకుని, వెంటపడి పట్టించుకోవాలి.