రాస్ ప్రొటీన్లు: కణంలోని స్టార్టరు

జనగామ, మహబూబాబాద్ పల్లెల నుంచి వచ్చిన విద్యార్థి మిత్రులకు బావికాడి మోటారు స్టార్టరు గురించి వేరే చెప్పనక్కరలేదు. పచ్చ బటన్ నొక్కితే మోటారు నడుస్తుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది. ఆ ఎర్రది చెడిపోతే? మడి నిండి ఒడ్డు తెగినా నీళ్ళు పోస్తూనే ఉంటుంది. మన కణాల్లోనూ ఇటువంటి స్టార్టరు ఉన్నది. దాని పేరు రాస్.

ఎలుకల్లో సార్కోమా కలిగించే వైరస్‌లలో మొదట దొరికింది గనుక, ర్యాట్ సార్కోమా అన్న మాటల నుంచి ఆ పేరు వచ్చింది. మనుషుల్లో హెచ్-రాస్, కె-రాస్, ఎన్-రాస్ అని 3 జీన్లున్నాయి. ఒక్కో ప్రొటీను దాదాపు 189 అమైనో ఆమ్లాల గొలుసు, అంతే. కణత్వచం లోపలివైపు అంటుకొని ఉంటుంది. బయటి నుంచి కబురు రాగానే జి.డి.పి.ని వదిలి జి.టి.పి.ని పట్టుకుంటుంది, అది ఆన్. కాసేపటికి ఆ జి.టి.పి.ని, మరో ప్రొటీను సాయంతో, తానే విరగ్గొడుతుంది, అది ఆఫ్. ఆన్‌లో ఉన్నంతసేపూ రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రొటీన్ల గుండా కబురు కేంద్రకానికి పోతుంది.

ఆ కబురుతో కణం విభజన చెందవచ్చు, లేదా కొత్త రూపం దాల్చవచ్చు. పండ్ల ఈగ కంటిలోని ఒక్కో చిన్న కన్నులో 8 కాంతిగ్రాహక కణాలుంటాయి. 7వది కావలసిన కణానికి రాస్ కబురు అందకపోతే అది కటకాన్ని తయారుచేసే కణంగా మారిపోతుంది. కణాలకూ తలరాత ఉందన్నమాట!

ఈ కథలో మన ఉస్మానియాలో పిహెచ్.డి. చేసిన డా. ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డిగారున్నారు. 1982లో అమెరికా నేషనల్ కాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయనా, సహచరులూ మూత్రాశయ కాన్సరు కణంలోని రాస్ జీన్‌ను మామూలు జీన్ పక్కన పెట్టి చూశారు. తేడా ఒకే ఒక్క అక్షరం. జి.జి.సి. ఉండవలసిన చోట జి.టి.సి. ఉన్నది. అందువల్ల 12వ స్థానంలో గ్లైసీన్ పోయి వాలీన్ వచ్చింది, ఎర్ర బటన్ చెడింది. అదే ఏడు మరి రెండు బృందాలు కూడా ఇదే తేల్చాయి.

'జి'ని 'టి'గా మార్చే రసాయనాలు పొగాకు పొగలో ఉన్నాయి. భూపాలపల్లి అడవుల్లో ఎండాకాలం కోసే తునికాకు దేనికి చుడతారో మీకు తెలియనిది కాదు.

పెద్దపేగు కాన్సరుకు సెటుక్సిమాబ్ అనే ఖరీదైన ఇంజెక్షన్ ఉన్నది. అది కణం పైభాగాన వచ్చే కబురును ఆపుతుంది. కింద రాస్ చెడి ఉంటే పైన ఆపి లాభమేమిటి? కనుక ముందుగా రాస్ పరీక్ష చేస్తారు. వైద్యానికి ఎకరం పొలం అమ్మబోయే కుటుంబం "రాస్ పరీక్ష అయిందా డాక్టరు గారూ" అని అడగడం చాలా అవసరమని నా అభిప్రాయం.

మందు నిలవడానికి రాస్ మీద పట్టే లేదని 30 ఏళ్ళు అనుకున్నారు. 2013లో షోకట్ బృందం ఒక చిన్న గుంట కనిపెట్టింది. 2021లో సోటొరాసిబ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ కె-రాస్ 12వ చోట సిస్టీన్ వచ్చిన ఊపిరితిత్తుల కాన్సరుకు. ఈ మందు ఆ సిస్టీన్‌ను పట్టుకొనే పనిచేస్తుంది. రెడ్డిగారు చూసిన వాలీన్‌కు అటువంటి కొక్కెం లేదు.