వార్ధక్య రోగములు - పరిశోధన ద్రవ్యము

ఏ రోగమునకైనను మందు కనుగొనవలెనన్న మేధావులు మాత్రమే చాలరు. ప్రయోగశాలలు, పరికరములు, ఏండ్ల తరబడి శ్రమించువారికి జీతములు కావలెను. ఇవి యన్నియు ద్రవ్యముతో ముడిపడినవి. ఆ ద్రవ్యము ఎట్లు సమకూడునో, వృద్ధుల రోగములకది యేల ఆలస్యముగా సమకూడెనో అమెరికా దేశమునందలి రెండు దృష్టాంతములతో వివరింతుము.

మొదటిది బాలుర రోగము. 1938లో పోలియో నిర్మూలనమునకై అధ్యక్షుడగు రూజ్వెల్టు ఒక ధర్మనిధిని స్థాపించెను. ఒక్కొక్క డైము పంపుడని రేడియోలో ప్రజలను వేడిరి. డైమనగా డాలరులో పదియవ వంతు. లక్షలకొలది నాణెములు అధ్యక్షుని భవనమునకు వచ్చి చేరినవి. ఊతకర్రలతో నిలిచిన పసివాని చిత్రమును జూచి కరగని వారెవరు? ఆ నిధి సాయముననే డాక్టరు జోనాస్ సాక్ టీకామందును సిద్ధపరచెను. 1954లో సుమారు 18 లక్షల బాలబాలికలు దాని పరీక్షలో పాల్గొనిరి. మరుసటి యేట ఆ మందు గుణకారియని ప్రకటింపబడెను.

రెండవది వృద్ధుల రోగము. 1906లో ఆల్జైమర్ అను జర్మను వైద్యుడు, మతిమరపుతో బాధపడి మరణించిన యొక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందు అసహజములైన ముద్దలను, చిక్కువడిన పోగులను కనుగొనెను. ఆమె వయస్సు ఏబదియైదేండ్లు మాత్రమే. కావున ఇది నడివయస్సువారికి వచ్చు అరుదైన రోగమనియు, ముసలివారి మరపు వయోధర్మమే యనియు లోకము చిరకాలము తలంచెను. వయోధర్మమునకు మందేల? మందు లేనిదానికి సొమ్మేల?

1974లో అమెరికా ప్రభుత్వము వార్ధక్య పరిశోధన సంస్థను నెలకొల్పెను. 1976లో డాక్టరు కాట్జమన్ ముసలివారి మరపును ఆ రోగమే యని వాదించెను. ఆ సంస్థకు ప్రథమాధ్యక్షుడైన డాక్టరు బట్లరు ఒక సత్యమును గ్రహించెను: ముసలితనమని అడిగిన నెవ్వరును ఈయరు; పేరుగల రోగమని అడిగిన ఇత్తురు. రోగుల కుటుంబములు 1980లో సంఘముగా నేర్పడి శాసనసభ తలుపులు తట్టినవి. 2011 ప్రాంతమున ఏటికి సుమారు 45 కోట్ల డాలర్లుగా నున్న ప్రభుత్వ సహాయము పదియేండ్లలో 300 కోట్లను మించెను. 2023లో లెకానిమాబ్ అను మందునకు పూర్తి అనుమతి లభించెను. అది రోగమును మాన్పదు, కొంత నెమ్మదింపజేయును. ఇంకను శ్రమయు ద్రవ్యమును కావలసియే యున్నవి.

మన దేశమున అరువదేండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఇట్టి మతిభ్రంశ రోగములున్నవని 2023లో ప్రకటితమైన యొక పరిశోధనము అంచనా వేసినది. ఆ లెక్క తేల్చుటకు ద్రవ్యమొసంగినదియు ఆ అమెరికా సంస్థయే! మన పెద్దలను లెక్కించుటకును పరుల సొమ్ము కావలసివచ్చెనన్న విషయము ఆలోచింపదగినది.

కాళ్లు లేని బాలుడు చేయి చాపగలడు. తన పేరే మరచిన వృద్ధుడు ఏమని అడుగగలడు? అతని పక్షమున అడుగవలసినవారము మనమే. తాతగారు అడిగినదే మరల అడిగినచో బాలబాలికలు నవ్వకుందురుగాక. తలిదండ్రులు అది వయస్సని సరిపెట్టుకొనక వైద్యునకు చూపవలెను. నేడు విజ్ఞానశాస్త్రము నభ్యసించు మన విద్యార్థులలో కొందరైనను ఈ పరిశోధనమునకు పూనుకొందురుగాక. వారికి వలయు సొమ్మును ప్రభుత్వమువలన రాబట్టుట పౌరుల విధి.