సీసా లెక్క వాళ్ళకు తెలుసు, కాయ రేటు మనకు తెలీదు

ఏర్పేడు కూడలిలో అంగిడి కాడ నిలబడి మాజా తాగతాం, డబ్బులిచ్చి పోతాం. మన పని ఆడికైపాయ. కంపెనీ పని మాత్రం ఆడ్నుంచే మొదలైతాది.

ఏ అంగిడికి ఎన్ని కేసులు పోయినాయి, ఏ ఊర్లో చిన్న సీసా పోతాది, ఏ ఊర్లో పెద్దది పోతాది, ఎండ ముదిరితే అమ్మకం ఎంత పెరిగింది, ఇదంతా కంప్యూటర్లో చేరతాది. అంగిడాయన ఫోన్లోనే ఆర్డరు పెట్టేదానికి కోకాకోలా కంపెనీకి కోక్ బడ్డీ అని యాప్ కూడా ఉండాది. ఆయన పెట్టే ప్రతి ఆర్డరూ వాళ్ళకు ఒక సమాచారమే. దాన్ని బట్టే ఎంత తయారు చెయ్యాల, ఏ లారీ ఎటు పోవాల అని లెక్కేస్తారు. సరుకు మురిగిపోదు, అంగిట్లో లేదనే మాటా రాదు. లాభం ఆడ పుడతాది.

ఇంకా పెద్ద లెక్కలుండాయి. అమెరికాలో ఆ కంపెనీ 2009లో ఫ్రీస్టైల్ అనే మిషన్లు తెచ్చింది. ఎవరికి నచ్చిన రుచి వాళ్ళు కలుపుకుంటారు, ఏం కలుపుకున్నారో కంపెనీకి తెలిసిపోతాది. అట్లా తెలుసుకునే 2017లో చెర్రీ స్ప్రైట్ సీసాల్లోకి దించినారు. నారింజ రసానికైతే తోటల ఉపగ్రహం ఫోటోలు, వాన, దిగుబడి, ధర అన్నీ కలిపి లెక్కేస్తారు.

మరి మన కత ఏంది? మాజాలాంటి వాటిల్లో పోసే గుజ్జు మన చిత్తూరు తోతాపురిదే. 2011లో ఇదే కంపెనీ జైన్ ఇరిగేషన్‌తో కలిసి ఉన్నతి అనే పథకం పెట్టి, చెట్లు దగ్గర దగ్గరగా నాటేది మన రైతులకు నేర్పించింది. కాయ ఎక్కువ కాయించేది చెప్పినారు. ఆ కాయ ఎంత కావాల్నో, ఎంతకు కొంటారో మాత్రం ముందుగా చెప్పేవాళ్ళు లేరు.

2025లో ఏమైందో చూసినాం కదా. రేటు పడిపాయ. ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు బారులు తీరినాయి. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, సర్కారు 4 రూపాయలు, మొత్తం 12 ఇయ్యాలని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. అంతకు ముందేటి గుజ్జు మిగిలుండాదని ఫ్యాక్టరీలోళ్ళు అన్న్యారు. ఆ మిగులు వాళ్ళ గోడౌన్లోదే కదా, వాళ్ళకు ముందే తెలుసు. రైతుకు తెలిసింది కాయ కోసినాక.

ముందే తెలిస్తే కాపు ఆగదు, నిజమే. అయితే మందులకు అప్పు ఎంత చెయ్యాల్నో రైతు ఆలోచించుకుంటాడు, వేరే కొనేవాళ్ళను ఎతుక్కుంటాడు, రేటు కోసం సర్కారును ముందే నిలదీస్తాడు.

అడగాల్సింది పెద్దదేం కాదు. పూత రాకముందే ప్రతి ఫ్యాక్టరీలో ఎంత గుజ్జుండాదో, ఈ ఏడు ఎంత కాయ కావాల్నో సర్కారు రాబట్టి బయట పెట్టాల. ఏ రోజు ఎవరి కాయ దించుకుంటారో టోకెన్ ఫోన్‌కే రావాల. తయారు చేసేదానికి ఐఐటీ మన ఏర్పేడులోనే ఉండాది. అంగిడాయన ఫోన్లో సీసా లెక్క పలికినప్పుడు, రైతు ఫోన్లో కాయ లెక్క ఎందుకు పలకదు?