నీళ్ల బిందె, క్యాను, ట్యాంకు: ఎలా తయారవుతాయి, ఎలా వాడాలి

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది లేదు. అందువల్ల కె.జి.ఎఫ్. పట్టణంలోనూ, చుట్టుపక్కల గ్రామాల్లోనూ నీటిని నిల్వ చేసుకోవడం నిత్యావసరం. ఒకప్పటి మట్టికుండ, ఇత్తడి బిందెల స్థానాన్ని నేడు ప్లాస్టిక్ పాత్రలు ఆక్రమించాయి. ఇవి ఎలా తయారవుతాయో తెలిస్తే, దేనిని ఎందుకు వాడాలో బోధపడుతుంది.

బిందెలు, క్యాన్లు: పాలిథిన్ గుళికలను యంత్రంలో కరిగించి మెత్తని గొట్టంలా కిందికి దించుతారు. రెండు భాగాల అచ్చు ఆ గొట్టం చుట్టూ మూసుకొని, దాని అడుగును నొక్కి అతుకుతుంది. లోపలికి గాలి ఊదగానే గొట్టం ఉబ్బి అచ్చు ఆకారం పొందుతుంది. బిందెను బోర్లించినప్పుడు అడుగున కనిపించే గీత ఆ అతుకే. అది బలహీనమైన చోటు గనుక, కొనేటప్పుడు ముందుగా పరీక్షించవలసింది దానినే.

నీళ్ల సీసాలు: ముందుగా మరలతో కూడిన మూతి గల చిన్న, మందపాటి గొట్టాన్ని పోతపోస్తారు. దానిని మళ్లీ వేడిచేసి, కడ్డీతో సాగదీసి, గాలి ఊదుతారు. గోడలు పలుచగా సాగడం వల్ల సీసా తేలికగా ఉంటుంది. వేడినీరు పోస్తే వంకరపోతుంది.

మిద్దెపై ట్యాంకులు: వీటికి సాధారణంగా గాలి ఊదరు. బోలు అచ్చులో ప్లాస్టిక్ పొడి వేసి, కొలిమిలో రెండు దిశల్లో తిప్పుతారు. పొడి కరిగి గోడలకు సమంగా అంటుకుంటుంది, అతుకు ఉండదు. నల్లరంగు వెలుతురును ఆపి, లోపల పాచి పెరగకుండా కాపాడుతుంది. నాణ్యతకు ఐ.ఎస్. 12701 ప్రమాణ ముద్రను చూడాలి.

ముఖ్య హెచ్చరిక: పాలిథిన్ గోడ ఇత్తడి వంటిది కాదు. పురుగుమందులు, రసాయనాలు దానిలోకి ఇంకుతాయి. ఎంత కడిగినా పూర్తిగా పోవు. టమాట తోటలు విస్తారంగా ఉన్న ఈ జిల్లాలో ఖాళీ మందు డబ్బాలు సులభంగా చేతికందుతాయి. కర్మాగారాల పాత క్యాన్లు చవకగా దొరుకుతాయి. వాటిలో తాగునీటిని గాని, వంటనూనెను గాని ఎన్నడూ నిల్వ చేయరాదు. అడుగున త్రికోణంలో ఉండే అంకె ప్లాస్టిక్ రకాన్ని మాత్రమే తెలుపుతుంది; అందులో ఇంతకుముందు ఏమి పోశారో చెప్పదు.

ఎండ తగిలే చోట పాత్రలను ఉంచితే ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. పగిలిన బిందెలను కాల్చక, పొడి చెత్తలో వేయాలి. కరిగించి వాటిని మరో వస్తువుగా మలచవచ్చు.