సముద్రంలో బావిలాంటి చోటు

స్నార్కెలింగ్ అనే మాట మా కోసిగిలో ఈ మధ్యదాకా ఎవరి నోటా వినపడలేదు. వినపడవలసిన అవసరమూ లేదు. పడమటి కర్నూలు ఎండుసీమలో సముద్రం మాట దేవుడెరుగు, చైత్రం దాటాక కుంటలో నీళ్లు మిగిలితే అదే పెద్ద పండగ. కాని రోజులు మారినాయి. సంక్రాంతి సెలవులు వచ్చేసరికి మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు "అండమాన్ పోయి వచ్చినాం" అంటున్నారు. రైల్లో చెన్నై చేరుకుంటే అక్కడినుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఓడలో అయితే సుమారు మూడు రోజులు. వెళ్లివచ్చినవాళ్లు చూపించే ఫొటోల్లో మొహాన అద్దం, నోట్లో గొట్టం, చుట్టూ రంగురంగుల చేపలు. "మరి మీకు ఈత వచ్చునా?" అని అడిగితే, "ఈతెందుకు సార్, జాకెట్టు కడతారు గదా!" అని జవాబు.

ఈ జవాబు నాకు బొత్తిగా నచ్చలేదు. అందుకని మొన్న జనవరిలో మేమూ బయలుదేరేముందు నెలరోజులు కూర్చుని ఎక్కడ దిగాలి, ఎప్పుడు దిగాలి అన్న సంగతి మాత్రమే ఆరా తీశాను. హోటలు సంగతి మా ఆవిడ చూసుకున్నది. మాలో ఈత వచ్చినవాడు మా పదకొండేళ్ల అబ్బాయి ఒక్కడే. అదీ నడుముకు బెండ్లు కట్టుకుని తోటబావిలో నేర్చిన ఈత. మా అత్తగారికి డెబ్బయి దాటినాయి.

ముందు పరికరం సంగతి చెబుతాను. నీళ్లలో కళ్లు తెరిస్తే అంతా మసకగా కనిపిస్తుంది. కంటికి ముందు గాలి ఉంటేనే మన చూపు కుదురుతుంది. ముసుగు చేసే పని కంటికీ నీటికీ మధ్య ఆ కాస్త గాలి నిలపడమే. దానివల్ల నీటిలోని వస్తువు ఉన్నదానికంటే మూడో వంతు పెద్దదిగా, మరింత దగ్గరగా కనిపిస్తుంది. అంచేత చూసివచ్చినవాళ్లు "ఇంత చేప!" అని చేతులు చాపితే కొంత తగ్గించి వినండి. ముసుగు సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులువే. పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చెయ్యి వదిలినా అది అంటుకుని ఉంటే సరిపోయినట్టే. మీసాలున్న మగవారికి ఇక్కడే చిక్కు వస్తుంది. ఆ సందులోనుంచి నీళ్లు కారుతాయి. కళ్లజోడు పెట్టుకుని ముసుగు వేయడం కుదరదు. నంబరు అద్దాలున్న ముసుగులు వేరే దొరుకుతాయి. ఇక గొట్టం ఎందుకంత పొట్టిగా ఉంటుందని మా అబ్బాయి అడిగాడు. పొడుగు గొట్టంతో లోతుకు దిగితే పైన ఉన్న నీటి బరువు రొమ్మును అదిమేస్తుంది. మీటరు లోతులోనే ఊపిరి లాగడం గగనమవుతుంది. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోరాదు.

ఇప్పుడు అసలు విషయం. బావిలో ఈదినవాడు సముద్రంలోనూ ఈదగలడని మా వైపు ఒక నమ్మకం. బావి నీరు కదలదు. అలసిపోతే నాలుగు బారలు వేసి మెట్టు పట్టుకోవచ్చు. సముద్రపు నీరు మనల్ని తనతో తీసుకుపోతుంది, పట్టుకోవడానికి మెట్టుండదు. జాకెట్టు మనిషిని తేలుస్తుంది గాని ఒడ్డుకు చేర్చదు. కాబట్టి కొత్తవాడు వెతుక్కోవలసింది ఎక్కువ చేపలున్న చోటు కాదు, సముద్రంలో బావిలాంటి చోటు. నీరు నిలకడగా ఉండాలి, కాళ్లు కింద అందాలి, ఒడ్డు నాలుగు బారల్లో ఉండాలి. చేపలు ఆ తరవాత.

నీరు నిలకడగా ఉండడానికి మొదటి షరతు గాలి. శీతకాలంలో ఆ దీవుల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. అందువల్ల తూర్పుగట్టున అల రేగినా పడమటి గట్టు, దీవి చాటున కాస్త నెమ్మదిగా ఉంటుంది. నెల సంగతి కూడా చూడాలి. నవంబరు, డిసెంబరుల్లో వానలు, తుపానులు పూర్తిగా వదలవు. 2016 డిసెంబరు మొదటివారంలో వాయుగుండం వల్ల హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా యాత్రికులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావలసి వచ్చింది. జనవరి మధ్యనుంచి మార్చి దాకా మేలు. ఇంకొక మాట: దేశమంతటికీ ఒకటే గడియారం గనుక అక్కడ డిసెంబరులో సాయంత్రం ఐదుకే పొద్దు గుంకుతుంది. నీళ్లలో పని పొద్దున్నే ముగించుకోవాలి.

రెండో షరతు ఆటుపోట్లు. దీనికి మన పంచాంగం చాలు! అమావాస్యకూ పౌర్ణమికీ చంద్రుడూ సూర్యుడూ కలిసి లాగడంవల్ల పోటు పెద్దది. పోర్ట్‌బ్లెయిర్ దగ్గర నీరు దాదాపు రెండు మీటర్లు ఎక్కి దిగుతుంది. అష్టమి నవములూ, ఆ తరవాత ఒకటి రెండు రోజులూ ఆ లాగుడు తక్కువ. ప్రయాణానికి పనికిరావని మా అత్తగారు కొట్టిపారేసే తిథులే స్నార్కెలింగుకు శ్రేష్ఠమన్నమాట. ఆమెను ఒప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఒక రోజులో గంట కూడా ముఖ్యమే. నీరు నిండుతూ నిండుతూ నిలబడే సమయంలో దిగాలి. తీస్తున్నప్పుడు దిగితే లోపలికి లాగుతుంది. బాగా తీసేశాక దిగితే పగడపు రాళ్లకు మోకాళ్లు గీరుకుంటాయి.

నీల్ దీవిలో (2018 డిసెంబరులో దీనికి షహీద్ ద్వీప్ అని పేరు మార్చారు) భరత్‌పూర్ తీరానికి వెళ్లినప్పుడు ఇది కళ్లారా చూశాము. ఓడరేవు పక్కనే తెల్లని ఇసుక, చాలా దూరం లోతులేని నీరు. కొత్తవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? పరికరాలు అద్దెకిచ్చే కుర్రాడొకడు "ఇప్పుడే దిగండి, మళ్లీ జనం వస్తారు" అని తొందర పెట్టాడు. అంతలో పడవ మీద కూచున్న పెద్దాయన మా మాటలు విని తెలుగులో పలకరించాడు. ఇందులో వింతేమీ లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో నూటికి 13 మందికి పైగా మాతృభాష తెలుగే. ఈయన పెద్దలు శ్రీకాకుళం వైపునుంచి వచ్చారట.

"ఏ ఊరు బాబూ మీది?"

"కర్నూలు జిల్లా, కోసిగి."

"అయితే నీళ్లు కొత్తే! ఇప్పుడు నీరు లాగతంది బాబూ. పిల్లోడితో దిగకండి. అన్నం తినేసి రండి, అప్పటికి నిండుతాది."

"అయితే ఆగుదాం నాయనా," అన్నది మా అబ్బాయి, ఎంతో బాధగా. మూడు గంటలు ఆగాము. తరవాత దిగితే నడుములోతు నీటిలోనే చారల చేపలు, చిలకముక్కు చేపలు, ఒకచోట పెద్ద గవ్వలాంటి జీవి నీలి పెదవులు తెరుచుకుని. మా ఆవిడ మొదట నా భుజం వదలలేదు. పావుగంటకు నేనే ఆమెను వెతుక్కోవలసి వచ్చింది. మా అత్తగారు అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుని, చీర తడవకుండానే అన్నీ చూసింది.

హావ్‌లాక్ దీవిలో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) ఎలిఫెంట్ బీచ్‌కు ఎక్కువ పేరు. వాయవ్యపు గట్టున ఉండడంవల్ల శీతకాలపు గాలి నేరుగా తగలదు. పగడాలు ఒడ్డుకు దగ్గరగానే మొదలవుతాయి. రేవునుంచి పడవలో వెళ్లవచ్చు. లోపం ఒకటే, జనం. పదకొండు దాటాక పడవలు, నీటి స్కూటర్లు, కేకలు. మొదటి పడవలో పోవడం ఉత్తమం. అదే దీవిలో రాధానగర్ తీరం చూడడానికి దివ్యంగా ఉంటుంది గాని అది ఇసుక తీరం, స్నార్కెలింగుకు పనికొచ్చేది కాదు. 2010 ఏప్రిల్‌లో దాని పక్కనే నీళ్లలో ఉన్న ఒక అమెరికా యువతిని ఉప్పునీటి మొసలి పొట్టన పెట్టుకున్నది. అలాంటివి అరుదే. అయినా వాగు సముద్రంలో కలిసేచోట, మడఅడవి పక్కన, మొసలి బొమ్మ ఉన్న బోర్డు దగ్గర కాలు పెట్టకూడదు. సాయంసంధ్య వేళ అసలే వద్దు.

పోర్ట్‌బ్లెయిరులోనే (2024 నుంచి శ్రీ విజయపురం) మకాం పెట్టినవారికి నార్త్ బే అందుబాటు. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య దీపస్తంభం ఉన్న తీరం అదే. రద్దీ మాత్రం విపరీతం. నా మనసుకు అంతకంటే జాలీబాయ్ నచ్చింది. అది 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలోని చిన్న దీవి. వండూరు నుంచి పడవ. పెద్ద దీవికి పడమటి పక్కన ఉండడంవల్ల ఈశాన్యపు గాలికి చాటు. అనుమతి ముందుగా తీసుకోవాలి. ప్లాస్టిక్ సంచి, పారేసే సీసా ఏదీ రానివ్వరు. సంచులు వెతికే చోట మా అత్తగారి మురుకుల కవరు పట్టుబడింది. అప్పటికప్పుడు మురుకులన్నీ స్టీలు డబ్బాలోకి మారినాయి.

పగడం రాయి కాదు, ప్రాణి. నీరు ఎక్కువ వేడెక్కితే తెల్లబారి చస్తుంది. 1998, 2010, 2016లలో అండమాన్ పగడాలకు ఆ దెబ్బ తగిలింది. మిగిలినదాని మీద మనం నిలబడితే ఏళ్లతరబడి పెరిగినది క్షణంలో విరిగిపోతుంది. అలసినప్పుడు నిలబడడానికి ఇసుక మచ్చ ఎక్కడున్నదో దిగకముందే చూసిపెట్టుకోవాలి. చచ్చిన ముక్కయినా ఇంటికి తేవడం చట్టరీత్యా నేరం. ఎండకు పూసే క్రీముల్లో కొన్ని పగడానికి హానిచేస్తాయని పసిఫిక్‌లోని పలావ్ దేశం (మన పలావు కాదు) 2020 నుంచి వాటిని నిషేధించింది. నిండుచేతుల చొక్కా వేసుకుంటే క్రీము గొడవే ఉండదు, వీపూ కాలదు.

ఇక లక్షద్వీపాల సంగతి. అక్కడ మేము ఇంకా పోలేదు గాని, బావిలాంటి చోటే కావాలంటే ప్రకృతి అక్కడ కట్టిపెట్టింది. అగత్తి, కవరత్తి, కడమత్ దీవులకు పడమటి వైపున పగడపు గోడ, గోడలోపల లోతు తక్కువైన మడుగు. బయటి అలలు గోడ దగ్గరే విరిగిపోతాయి. అయితే ప్రవేశానికి పర్మిటు కావాలి, ఓడలైనా విమానాలైనా ఎక్కువగా కొచ్చి నుంచే, బసలు తక్కువ. వచ్చే జనవరికి మేము దానికి ప్రయత్నిస్తున్నాము. అష్టమి ఎప్పుడు పడిందో మా అత్తగారు ఈసారి తానే చూస్తున్నది.