చర్చి గుమ్మము వెలుపలి పియానో

1903లో పదవ పయస్ పోపు చర్చి సంగీతమును సంస్కరింపబూని వెలువరించిన ఆజ్ఞాపత్రమున, డోళ్లు, కంచుతాళములు మొదలగు చప్పుడు వాద్యముల సరసన నిలిపి, పియానోను దేవాలయమున నిషేధించెను. కావున పియానోకై పుట్టిన భక్తిసంగీతమునకు జనము టిక్కెట్టు కొని కూర్చుండు కచేరీశాలయే ఆశ్రయమైనది. అంతకు మునుపే, 1863 ప్రాంతమున, ఫ్రాంజ్ లిస్ట్ అసిస్సీ ఫ్రాన్సిసు పక్షులకు ధర్మబోధ చేసిన గాథను, తారస్థాయిలో కిలకిలలాడు స్వరములతోను, వాని నడుమ ఒంటిగా సాగు సాధువు పలుకుతోను ఈ వాద్యముపై చిత్రించియుండెను.

అయితే ఈ మార్గమున శిఖరప్రాయమైనది ఒలివియే మెస్సియా రచించిన ‘బాలయేసుపై ఇరువది చూపులు’. 1931 మొదలు 1992లో మరణించువరకు పారిస్ ట్రినిటీ చర్చిలో ఆర్గన్ వాయించిన ఈ భక్తుడు, జర్మనుల ఆక్రమణలోనున్న 1944 నాటి పారిస్‌లో, రెండు గంటలకు మించిన ఈ ధ్యానమును పియానోకే అప్పగించుట విచిత్రముగా తోచును. ఆర్గన్ మెట్టును నొక్కియుంచినంతసేపు నాదము నిలుచును. పియానో తీగపై సుత్తి పడిన క్షణముననే నాదము క్షీణింపనారంభించును. శాశ్వతుడైన తండ్రిని గూర్చిన మొదటి ఖండమున దైవమును సూచించు స్వరసముదాయములు అతివిలంబముగా, ఒకటి అణగిపోకముందే మరియొకటి మోగుచు, క్షీణించు నాదముతోనే నిత్యత్వమును పలికించును. ఆర్గన్‌పై ఈ యత్నమునకు అవసరమే యుండదు.

ఐదవ ఖండమున మనకు బంధుత్వము కలదు. పదమూడవ శతాబ్దిలో దేవగిరి యాదవుల కొలువున శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరము’న పేర్కొనిన 120 దేశీతాళముల పట్టిక (మన రాచకొండ సింగభూపాలుడు వ్యాఖ్య వ్రాసినది ఈ గ్రంథమునకే) ఒక ఫ్రెంచి విజ్ఞానకోశమున మెస్సియా కంటబడినది. రాగవర్ధన, చంద్రకళా, లక్ష్మీశ తాళములను వరుసగా గ్రుచ్చి, ఒక పంక్తిలో యథాతథముగాను, వేరొక పంక్తిలో ఒకటిన్నర రెట్లు సాగదీసియు, రెంటిని ఒక్కమారే నడపి, క్రింద తొలి ఖండపు ఆ దైవస్వరసముదాయములనే నిలిపెను. చేతితో వేసి సమమున చేరుకొను మన తాళము కాదది. గ్రహించినది లెక్కను మాత్రమే. మన మృదంగవిద్వాంసునకు ఆనవాలు చిక్కుట కష్టము.

1945 మార్చి 26న పారిస్‌లోని గవో కచేరీశాలలో మెస్సియా శిష్యురాలు ఇవోన్ లోరియో ఈ కృతిని వాయించుచుండగా, స్వరకర్త తానే ప్రతి ఖండమునకును వ్యాఖ్యానము చదివెను. విమర్శకులు సంగీతముకంటె ఆ వ్యాఖ్యానముపైననే ఎక్కువ మండిపడిరి. వారి మాటలో కొంత న్యాయము లేకపోలేదు. గర్భస్థ శిశువును మరియమాత ఆరాధించు పదకొండవ ఖండమున, మంద్రస్థాయిలో ఒకే స్వరము గుండెవలె కొట్టుకొనుట వినినవానికి వివరణ యేల? ఐదవ ఖండమునకు మాత్రము ఎంత వ్యాఖ్య యున్నను చాలదు.