ఎవరూ గీయలేదు... కానీ బొమ్మ అక్కడే ఉంది!

మీ ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరవండి. సున్నాతో మొదలుపెట్టండి. ఉన్న అంకెను దానితోనే గుణించి, 1 కలపండి. వచ్చిన జవాబుతో మళ్లీ అదే పని చేయండి. 1, 2, 5, 26, 677... ఇంకో మూడు నాలుగు సార్లు నొక్కితే జవాబు స్క్రీన్‌లో పట్టదు. ఇప్పుడు 1కి బదులు మైనస్ 1 కలుపుతూ రండి. మైనస్ 1, సున్నా, మైనస్ 1, సున్నా... తెల్లారేదాకా నొక్కినా అంతే. గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతుంది.

కొన్ని అంకెలు పారిపోతాయి, కొన్ని ఉండిపోతాయి. నా హాబీ మొత్తం ఈ ఒక్క తేడా మీదే నడుస్తోంది. రాత్రి భోజనం అయ్యాక అందరూ రీల్స్‌లో పడితే, నేను ఈ తేడా గీసే సరిహద్దు వెంబడి తిరుగుతుంటాను. అక్కడ కనిపించే బొమ్మల్నే ఫ్రాక్టల్స్ అంటారు. ఎంత దగ్గరికెళ్లినా కొత్త వివరం బయటపడుతూనే ఉంటుంది. అరటిపండు ఒలిచినట్టు ఒక్క తొక్కతో తేలిపోయే వ్యవహారం కాదు.

ఇంటర్ లెక్కలే!

ఇంటర్ సెకండియర్ మ్యాథ్స్ చదివినవాళ్లకు సంకీర్ణ సంఖ్యలు గుర్తుండే ఉంటాయి. అదేనండీ, కాంప్లెక్స్ నంబర్లు, డిమూవర్ సిద్ధాంతం. "ఇవి ఎక్కడ పనికొస్తాయి సార్?" అని అడిగితే "ఎంసెట్‌లో" అని జవాబు విన్న బ్యాచ్ మాది. భయపడకండి, ఇక్కడ మనకు కావాల్సింది ఒక్క సంగతే. సంకీర్ణ సంఖ్య అంటే రెండు మామూలు అంకెల జత, అంటే గ్రాఫ్ కాగితం మీద ఒక చుక్క.

మనం కాలిక్యులేటర్‌లో చేసిందే ఇప్పుడు స్క్రీన్ మీదున్న ప్రతి చుక్కతోనూ చేయాలి. సున్నాతో మొదలుపెట్టి, వర్గం చేసి, ఆ చుక్కను కలిపి, మళ్లీ మళ్లీ. ఎన్నిసార్లు చేసినా పారిపోని చుక్కకు నలుపు వేస్తాం. పారిపోయేదైతే, సున్నా నుంచి దాని దూరం ఎన్నోసారికి 2 దాటిందో చూసి, ఆ లెక్కను బట్టి రంగు వేస్తాం. ఒకసారి 2 దాటిందంటే ఇక వెనక్కి రాదు, అది నిరూపించిన విషయమే. ఫార్ములా అంతే! జడ్ స్క్వేర్ ప్లస్ సీ.

ఇంత చిన్న లెక్క నుంచి వచ్చేది పక్కకి పడుకున్న గుండె ఆకారం, దాని ఎడమవైపు ఒక గుండ్రం, చుట్టూ మొటిమల్లాంటి చిన్న గుండ్రాలు, ఎడమకు సాగిన ఒక సూది. దీని పేరు మాండెల్‌బ్రాట్ సెట్. 1978లోనే రాబర్ట్ బ్రూక్స్, పీటర్ మాటెల్స్కీ దీన్ని ముతకగా ప్రింట్ తీశారు. ఐబీఎం పరిశోధన కేంద్రంలో పనిచేసిన బెన్వా మాండెల్‌బ్రాట్ 1980లో దాని లోతు చూశాడు. ఫ్రాక్టల్ అనే మాటను 1975లో పుట్టించింది కూడా ఆయనే.

అసలు ఆకారానికి దూరంగా దుమ్ములా చిన్న చిన్న మచ్చలున్నాయి. ఇవి విడివిడి ద్వీపాలేమో అని మొదట్లో మాండెల్‌బ్రాటే అనుకున్నాడు. కాదు, అన్నీ కలిసే ఉన్నాయని 1982లో అడ్రియన్ డువాడీ, జాన్ హబ్బర్డ్ నిరూపించారు. ప్రతి మచ్చనూ జూమ్ చేస్తే అదొక బుల్లి మాండెల్‌బ్రాట్! కంటికి కనిపించనంత సన్నటి దారంతో తల్లిని పట్టుకుని ఉంటుంది. 1985 ఆగస్టులో సైంటిఫిక్ అమెరికన్ ముఖచిత్రంగా ఈ బొమ్మ వచ్చాక, ఇంట్లో కంప్యూటర్ ఉన్న మామూలు జనం కూడా వేటలో దిగారు. నాలాంటి వాళ్లందరం ఆ వరసలోని వాళ్లమే.

"ఏ ఏఐతో చేశావ్?"

ఈమధ్య ఏ బొమ్మ స్టేటస్‌లో పెట్టినా ఇదే ప్రశ్న. మా చెల్లి అయితే "ప్రాంప్ట్ పంపు అన్నయ్యా" అని మెసేజ్ పెట్టింది. నేను ప్రాంప్ట్ బదులు నాలుగు అంకెలు పంపాను. అడ్డం ఎంత, నిలువు ఎంత, ఎన్ని రెట్లు జూమ్, ఎన్నిసార్లు లెక్క తిప్పాలి. అవి తన ల్యాప్‌టాప్‌లో కొడితే గీత పొల్లుపోకుండా అదే ఆకారం వచ్చింది.

ఆ అంకెల్ని నేను అడ్రస్ అంటాను. ఏఐకి ఒకే మాట రెండుసార్లు చెబితే రెండు వేర్వేరు బొమ్మలు ఇవ్వొచ్చు. ఇక్కడ అడ్రస్ ఒకటే అయితే ఆకారం ఒకటే. విజయవాడలో చూసినా, డాలస్‌లో చూసినా తేడా ఉండదు. పదేళ్ల తర్వాత చూసినా అక్కడే ఉంటుంది. కాబట్టి ఈ బొమ్మల్ని నేను తయారు చేశానని చెప్పుకోను. దొరికాయి అంటాను. నాదంటూ ఉన్నది రంగుల ఎంపిక, ఎక్కడ ఆగాలో తేల్చుకోవడం, అంతే. అడ్రస్ చెప్పకుండా "నా ఫ్రాక్టల్" అని పెట్టే బొమ్మల్ని నేను లైక్ చేయను. కాస్త మొండితనమే అనుకోండి!

దారి తప్పితేనే మజా

మాండెల్‌బ్రాట్‌ను అందరూ చూస్తారు. అసలు సరదా ఫార్ములాను కాస్త గిల్లినప్పుడు మొదలవుతుంది. వర్గం బదులు ఘనం పెట్టండి, ఒక గుండె పోయి ఎదురెదురుగా రెండు ఉబ్బులు వస్తాయి. ప్రతిసారీ వర్గం చేసేముందు రెండో అంకె గుర్తు తిప్పేయండి, మూడు కొమ్ముల 'ట్రైకార్న్' వస్తుంది.

నా ఫేవరెట్ మాత్రం 'బర్నింగ్ షిప్'. 1992లో మైకేల్ మికెలిచ్, ఒట్టో రోస్లర్ బయటపెట్టారు. మార్పు చాలా చిన్నది, వర్గం చేసేముందు జతలోని రెండు అంకెల్లో మైనస్ గుర్తులు తీసేయడం. అంతే, గుండ్రాలన్నీ విరిగిపోయి, కోణాలు, గోపురాలు లేస్తాయి. ఎడమవైపు సూది మీద మైనస్ 1.755 చుట్టుపక్కల జూమ్ చేస్తే తెరచాపలు, తాళ్లు, మంటలతో మండుతున్న ఓడ! మామూలు గ్రాఫ్‌లా పైకి పెరిగే నిలువు గీతతో గీస్తే అది తలకిందులుగా కనిపిస్తుంది, అందుకే దాన్ని తిప్పి చూస్తారు. ఎవరో ఓడ గీయాలనుకుని గీసింది కాదు. మైనస్ తీసేస్తే ఓడ వచ్చింది.

ఇంజినీరింగ్‌లో న్యూటన్–రాఫ్సన్ పద్ధతితో కుస్తీ పట్టారా? ఒక ఊహతో మొదలుపెట్టి, దాన్ని సరిదిద్దుకుంటూ సమీకరణం మూలం దగ్గరికి చేరే పద్ధతి. ఏ ఘనం 1 అవుతుందో కనిపెట్టండి అంటే మూడు జవాబులుంటాయి. ఎక్కడ మొదలుపెడితే ఏ జవాబు చేరతామో మూడు రంగులతో గుర్తు పెట్టండి. ఆర్థర్ కేలీ 1879లోనే ఈ ప్రశ్న వేసి, వర్గ సమీకరణం వరకు తేల్చి, ఘనం దగ్గర ఆగిపోయాడు. ఎందుకంటే ఆ మూడు రంగులూ పొలం గట్లలా విడిపోవు. ఎరుపు, నీలం కలిసే ప్రతిచోటా పచ్చ కూడా వచ్చి కూర్చుంటుంది. సరిహద్దులో ఏ చుక్క దగ్గర చూసినా మూడు రంగులూ ఉంటాయి. ఎంత జూమ్ చేసినా రెండే రంగుల గట్టు దొరకదు. ఈ సంగతి అర్థమైన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇక 'బుద్ధబ్రాట్' అనేది ఉంది. 1993లో మెలిండా గ్రీన్ ఆలోచన. పారిపోయే చుక్క ఎన్నోసారికి పారిపోయిందని కాకుండా, ఏ దారిన వెళ్లిందో గుర్తు పెడతారు. అడుగులు ఎక్కువ పడ్డ చోట వెలుగు ఎక్కువ. కోట్ల కొద్దీ దారులు కలిశాక, బొమ్మను నిలువుగా తిప్పితే తల మీద సిగతో కూర్చున్న బుద్ధుడిలా ఉంటుంది.

నిజమా? మెషిన్ మాయా?

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే ఈ హాబీలో నిజమైన పరీక్ష ఇక్కడే ఉంది. స్క్రీన్ మీద కనిపించినదంతా ఫార్ములాలో ఉన్నట్టు కాదు.

వేగం కోసం కొన్ని యాప్‌లు సుమారు ఏడంకెల కచ్చితత్వంతోనే లెక్కలు కడతాయి. అలాంటి యాప్‌లో లక్ష రెట్లు చేరకముందే బొమ్మ గళ్లగళ్లుగా విరిగిపోతుంది. "ఇక్కడితో అయిపోయింది" అనుకుంటారు కొత్తవాళ్లు. అయిపోయింది బొమ్మ కాదు, ఫోన్ లెక్క! పదిహేను, పదహారు అంకెలతో లెక్కించే ప్రోగ్రాం పది లక్షల కోట్ల రెట్ల వరకు లాగుతుంది. ఆపైకి పోవాలంటే వందల అంకెలు కావాలి, టైమ్ విపరీతంగా పడుతుంది. ఒక్క చుక్కనే అన్ని అంకెలతో లెక్కించి, పక్క చుక్కలకు దానితో ఉన్న తేడాను మాత్రమే లెక్కించే పద్ధతిని 2013లో కె.ఐ. మార్టిన్ జనంలోకి తెచ్చాకే లోతు ప్రయాణాలు మామూలు కంప్యూటర్లకు అందుబాటులోకి వచ్చాయి.

రెండోది ఇటరేషన్లు, అంటే ఎన్నిసార్లు తిప్పి చూశాక "పారిపోదు" అని తీర్పు ఇవ్వాలి? 500 దగ్గర ఆపితే నల్లటి చెరువులా కనిపించిన చోటే, 5000 పెడితే చెరువు పగిలి లోపలి నుంచి సుడులు బయటికొస్తాయి. అందుకే ఏదైనా వింత ఆకారం కనిపించగానే నేను సేవ్ బటన్ నొక్కను. ముందు ఇటరేషన్లు రెట్టింపు చేస్తాను. వీలైతే ఇంకో ప్రోగ్రాంలో అదే అడ్రస్ కొడతాను. రెండుచోట్లా నిలబడితేనే ఆల్బమ్‌లోకి. నిలబడనివే ఎక్కువ, ఆ సంగతి ముందే చెబుతున్నా.

ఇలా సరిచూసే అలవాటు ఒకసారి అద్భుతమే బయటపెట్టింది. 1991లో డేవిడ్ బోల్ అనే ఆయన, గుండెకూ పక్కనున్న గుండ్రానికీ మధ్య మెడ నిజంగా అంత సన్నగా ఉందా అని పరీక్షించాడు. ఆ మెడ మైనస్ 0.75 దగ్గర ఉంటుంది. దానికి 0.1 దూరంలో నిలువుగా ఒక చుక్క తీసుకుంటే 33 సార్లకు పారిపోయింది. 0.01 దూరంలో 315 సార్లు. 0.001 దూరంలో 3143. 0.0001 దూరంలో 31417. దూరంతో గుణించి చూడండి... 3.3, 3.15, 3.143, 3.1417. పై! వృత్తం ఊసే లేని లెక్కలో పై వచ్చి కూర్చుంది. పైథాన్‌లో సంకీర్ణ సంఖ్యలు ముందే ఉంటాయి కాబట్టి, పదిహేను లైన్లు రాస్తే మీరే సరిచూసుకోవచ్చు. నేను చూశాను, వచ్చింది.

మొదలుపెట్టాలనుకుంటే కంప్యూటర్‌లో క్జావోస్ అనే ఉచిత ప్రోగ్రాం చాలు, మౌస్ నొక్కి పట్టుకుంటే లోపలికి జారిపోతూనే ఉంటారు. ఫోన్‌లో అయితే ఫ్రాక్టల్ యాప్‌లు బోలెడు. అడ్రస్ అంకెల్లో చూపించే యాప్ మాత్రమే పెట్టుకోండి. చూపించనిది ఎంత అందంగా ఉన్నా తీసేయండి, నచ్చిన చోటికి మళ్లీ వెళ్లలేరు.

మొదటి అడ్రస్ నేనిస్తా. అడ్డం మైనస్ 0.7436438870, నిలువు 0.1318259042. సముద్రపు గుర్రాల లోయ అంటారే, దాని లోపల ఉంటుంది. కోటి రెట్ల దాకా ఈ అంకెలు సరిపోతాయి. ఇటరేషన్లు 5000 దగ్గర పెట్టుకోండి. ఫోన్ కాస్త వేడెక్కుతుంది.